రైమింగ్ సార్ అనని మాట

ఆయన పోయాడన్న కబురు నాకు నా గొంతులోనే వచ్చింది.

మేము కలిసి పనిచేసిన బడి మూతపడి చాలా కాలమైంది. స్టాఫ్ గ్రూపు మాత్రం ఇంకా ఫోన్లలో మిగిలి ఉంది. పండగలకు పూలబొమ్మలు, ఎప్పుడన్నా ఎవరి కూతురి పెళ్లి కార్డో తప్ప అందులో ఏమీ రావు. ఆ ఉదయం లెక్కల సార్ రాశాడు: "మన రైమింగ్ సార్ ఇక లేరు. షాద్‌నగర్‌లో గుండెపోటు." దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. వాటి కింద, మా బడిలో చివరి రోజుల్లో చేరిన ఒక టీచరు ఒక ఆడియో పెట్టింది. "సార్ గొంతు. మరిచిపోలేం" అని రాసింది.

అదేమిటో నొక్కకముందే తెలుసు. అయినా నొక్కాను.

"లైఫ్ అంటే బతుకు. వైఫ్ అంటే పెండ్లాం. నైఫ్ అంటే కత్తి. ముగ్గురిది ఒకటే ఇంటిపేరు. గానీ పిల్లలూ, వైఫు, నైఫు ఒక్క ఇంట్ల ఉంటే లైఫు ఆ ఇంట్ల ఉండది. రాసుకోండ్రి."

వెనక పిల్లల గోల. అచ్చం తరగతి గదిలో పాఠం చెబుతున్నట్టే ఉంటుంది.

దండాల పక్కన నవ్వే మొహాలు మొదలయ్యాయి. "పెండ్లాం మీద ఎంత కోపముండెనో పాపం" అని ఒకరు. "పైన గూడ పాఠం షురూ చేసుంటడు" అని ఇంకొకరు. లెక్కల సార్ ఏమీ అనలేదు. ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో ఆయనకూ తెలుసు.

ఆ గొంతు నాది. ఆ మాట రైమింగ్ సార్ ఏనాడూ అనలేదు. అనేవాడు కూడా కాదు. ఆయన ఎలాంటి మాటలు అనేవాడో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కొత్తకోటలో హైవే పక్కన మా బడి ఉండేది. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లు. ఏ సందులో చూసినా ఇంగ్లిష్ మీడియం బోర్డు లేస్తున్న కాలం. గొర్లు కాసేవాళ్ల పిల్లలు, కూలికి పోయేవాళ్ల పిల్లలు, చిన్న నౌకర్లు చేసేవాళ్ల పిల్లలు అందరూ ఒకే రకం టై కట్టుకొని వచ్చేవారు. నేను సోషల్ చెప్పేవాణ్ణి, ఆయన ఇంగ్లిష్. స్టాఫ్ రూముకూ ఏడో తరగతికీ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. అందుకని ఆయనను నేను చూసినదానికంటే విన్నదే ఎక్కువ.

బోర్డు మీద మాట రాసిన చప్పుడు ఆగగానే మొదటి ప్రశ్న వచ్చేది.

"ఇంటిపేరేంది?"

"యాట్!" అని తరగతంతా అరిచేది.

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"క్యాట్ అంటే పిల్లి! ర్యాట్ అంటే ఎలుక! మ్యాట్ అంటే చాప! హ్యాట్ అంటే టోపి!"

"మరి ఇంట్ల ఏం జరిగింది?"

ఈ మూడో ప్రశ్న ఆయన సొంతం. మాటకు అర్థం చెప్పించి వల్లె వేయించడం మన బళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆయన లెక్క వేరు. ప్రాస కలిసిన మాటలన్నీ ఒక ఇంటిపేరువాళ్లు. ఒక్క కప్పు కింద ఉన్నాక వాళ్ల మధ్య ఏదో ఒకటి జరగకుండా ఉండదు. అదేమిటో పిల్లలు చెప్పాలి.

"పిల్లి చాప మీద పండుకున్నది సార్. ఎలుక టోపిల దూరింది."

"శభాష్. ఎలుక దూరిన టోపి ఎవలది?"

"మీదే సార్!"

నిజంగానే ఆయన ఎండకు ఒక వెలిసిన గుడ్డటోపి పెట్టుకొని వచ్చేవాడు. పిల్లలతోపాటు ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు ముక్కులోంచి మొదలై గొంతులో ఆగేది. నేను ఆ నవ్వును నేర్చుకోవడానికి చాలా కష్టపడ్డాను.

ఒకరోజు బోర్డు మీద 'రెయిన్' వేశాడు. వాన, గ్రెయిన్ అంటే గింజ, పెయిన్ అంటే నొప్పి. ఇంట్లో ఏం జరిగిందని అడిగాడు. ఒక అమ్మాయి లేచింది.

"వాన పడలే సార్. గింజ మొలవలే. మా నాయినకు నొప్పి."

చెక్కకు ఇవతల నేను రాస్తున్న పెన్ను ఆపాను.

"ట్రెయిన్ అంటే?" అన్నాడు ఆయన.

"రైలు సార్."

"గా రైలెక్కి మీ నాయిన ఎటుపోయిండు బిడ్డా?"

"బొంబాయి."

"గెయిన్ అంటే లాభం. అదీ మీ ఇంట్లదే. లాభంతోనే మల్లొస్తడు తియ్యి. కూసో."

కుడిచెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకొని మాట పలకడం ఆయనకు అలవాటు. రెండు మాటలకు ప్రాస కుదిరిందో లేదో చూడాలంటే పిల్లలూ అలాగే చెవి పట్టుకోవాలి. "రాసింది జూసి మోసపోకుండ్రి. చెవుకు చెప్పుకోండ్రి" అనేవాడు. గుండె అని అర్థం వచ్చే 'హార్ట్' రాసి, "గీమె జూస్తే వేరే ఇంటామె లెక్క కనపడ్తది. చెవుకు చెప్పుండ్రి. హార్ట్, పార్ట్, కార్ట్. మనింటామెనే. ఎటో తప్పిపోయి వచ్చింది, కూసోబెట్టుండ్రి" అనేవాడు. పదమూడేళ్ల పిల్లలు చెవులు పట్టుకొని గుండె, ముక్క, బండి అని గొణుక్కుంటుంటే కిటికీలోంచి చూసినవాళ్లకు అందరికీ శిక్ష వేశారనిపించేది. కరస్పాండెంట్ ఒకసారి అలాగే అనుకొని లోపలికి వచ్చాడు కూడా.

ప్రాస దొరకని మాటలు కూడా ఉంటాయి. వాటిని బోర్డు కుడివైపు మూలన రాసి చుట్టూ గీత గీసేవాడు. 'మంత్' అంటే నెల. దానికి జోడు లేదు. 'సిల్వర్' అంటే వెండి. దానికీ లేదు. బోర్డు తుడిచే పిల్లలకు ఆ మూల తుడవొద్దని చెప్పి ఉంచాడు. నా పీరియడ్‌లో మొగలుల పాలన రాస్తూ రాస్తూ ఆ మూలకు వచ్చి ఆగేవాణ్ణి. "ఏంది సార్ గది?" అని ఒకసారి విసుక్కుంటే, "ఎవలు లేనోళ్లు సార్. జర జాగా ఇయ్యుండ్రి" అన్నాడు.

బడి బయట ఆయనతో మాట్లాడేవాళ్లు తక్కువ. ఆయనది నల్లగొండ వైపు, చిట్యాల దగ్గర పల్లె. క్రైస్తవులు. తండ్రి ఇతరుల చేలలో కూలి చేసి చదివించాడని ఒక్కసారి చెప్పాడు, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. హైవే పక్కన టైర్ల దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర లారీలు చూస్తూ నిలబడేవాడు. "ట్రక్ అంటే లారీ, లక్ అంటే అదృష్టం, స్టక్ అంటే ఇరుక్కున్నది. లారీ పోతనే ఉంటది సార్, మనమే స్టక్" అనేవాడు. పక్కన ఎవరూ లేకపోయినా అనేవాడు. టీ కొట్టు అతను నాతో చెప్పాడు, "సారు తనకు తనే పాఠం చెప్పుకుంటడు" అని.

ఆరు దాటాక గది మీది డాబాపైకి ఎక్కి ఫోన్ మాట్లాడేవాడు. భార్యతో. ఆమె వాళ్ల పల్లెలోనే అంగన్‌వాడీ టీచరు. ఆ కొలువు ఆ ఊరికే కట్టుబడి ఉంటుంది, ఇంకో ఊరికి తెచ్చుకోలేరు. ఆయనకేమో ఆ చుట్టుపక్కల బడి దొరకలేదు. పిల్లలు లేరు. అట్లా ఏళ్లకేళ్లు ఆయన ఇక్కడ, ఆమె అక్కడ. రోడ్డు మీద నడుస్తూ నేను పైకి చూస్తే ఫోను చెవికి ఆనించుకొని తలూపుతూ కనిపించేవాడు. ఏం మాట్లాడేవాడో లారీల చప్పుడులో వినపడేది కాదు.

ఇక నా సంగతి. నాకు మిమిక్రీ వచ్చు. కరస్పాండెంట్ దగ్గు, బస్సు డ్రైవరు తిట్లు, హిందీ మేడం సణుగుడు అన్నీ చేసేవాణ్ణి. బడిలో నాకున్న కాస్త పేరూ దానివల్ల వచ్చిందే. రైమింగ్ సార్ గొంతు మాత్రం అందరికంటే బాగా వచ్చేది. రోజూ చెక్క అవతలినుంచి వినేది అదే కదా.

ఒక ఫిబ్రవరిలో ఆయన స్టాఫ్ రూములోకి పెద్ద అద్దం మోసుకొచ్చాడు. బజారులో కొని, గదికి తీసుకుపోవడానికి టైం లేక బడికి తెచ్చి గోడకు ఆనించాడు.

"ఏంది సార్, గీ వయసుల సోకా?" అంది హిందీ మేడం.

"నాకు కాదు మేడం" అన్నాడు. అంటూనే మొహం ఎర్రబడింది. "ఎండాకాలం సెలవులయినంక మా ఇంటామె గిక్కడికే వస్తాంది. కొలువు ఇడిసిపెడ్తనన్నది."

"అబ్బో, కొత్త పెండ్లికొడుకు!" అని అందరం ఏడిపించాం. ఆయన చెవి తమ్మె పట్టుకొని నవ్వుతూ నిలబడ్డాడు. అంత సంతోషంగా ఆయనను నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆయన గిన్నె కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాడు. గదిలో నేనూ లెక్కల సారూ మిగిలాం. చెక్క అవతల పిల్లలు గోల చేస్తున్నారు. అద్దం ఇంకా అక్కడే ఉంది. అందులో నన్ను నేను చూసుకుంటూ, చెవి పట్టుకొని, ఆయన గొంతులో లైఫు, వైఫు, నైఫు అన్నాను. అప్పటికప్పుడు నోటికి వచ్చిందే. లెక్కల సార్ పొట్ట పట్టుకొని నవ్వి, "ఆగు ఆగు, మల్లొక్కసారి" అని ఫోన్ పైకి పట్టాడు.

"బయటికి పోదు గద?"

"ఏడికి పోతది? మన ఇద్దరికే."

మళ్లీ చేశాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

అది లెక్కల సార్ తమ్ముడికి, అక్కడినుంచి ఎవరికో, వాళ్లనుంచి పిల్లల తండ్రులకు పోయింది. వారం తిరిగేలోపు హైవే మీది దుకాణాల్లో వినపడింది. దాంట్లో మనిషి కనపడడు. గొంతు ఆయనది, చుట్టూ పిల్లల గోల. ఎవరికి అనుమానం వస్తుంది?

ఒక తండ్రి బడికి వచ్చి అరిచాడు, ఆడపిల్లలు చదివే తరగతిలో ఇదేం పాఠమని. కరస్పాండెంట్ మా అందరినీ నిలబెట్టి ఆ ఆడియో వినిపించాడు.

"ఎవలిది గీ గొంతు?"

రైమింగ్ సార్ నేల చూస్తూ అన్నాడు, "గొంతు నా లెక్కనే ఉన్నది సార్. గానీ నేనన్లే."

"గొంతు నీదట, మాట నీది కాదట! గిదెక్కడి ముచ్చటయ్యా?"

కొందరు కిసుక్కుమన్నారు. లెక్కల సార్ గోడ మీది టైంటేబుల్ చదువుతున్నాడు. నేను ఏమి చదువుతున్నానో గుర్తులేదు. నోరు విప్పితే నా కొలువు పోతుందని మాత్రం గుర్తుంది.

"ఇగ సిలబస్ చెప్పు. గీ పాటలు, ఇంటిపేర్లు బంద్" అన్నాడు కరస్పాండెంట్.

మరునాటినుంచి చెక్క అవతలినుంచి పాఠం చదివే గొంతు ఒక్కటే వచ్చేది. పిల్లలు అరవడం లేదు. బోర్డు మూలన గీత గీసిన మాటలను ఎవరో తుడిచేశారు.

ఆయన గొడవ పడతాడేమో, నిలదీస్తాడేమో అని ఎదురుచూశాను. టీ కొట్టు దగ్గర పక్కన వచ్చి నిలబడ్డాడు, అంతే.

"మంచిగ చేసిన్రు సార్" అన్నాడు. "మొదలు నాకే అనుమానమొచ్చింది, ఎప్పుడన్న నేనే అన్ననా అని. ఆఖర్ల 'రాసుకోండ్రి' అన్నరు. నేను పిల్లలను రాసుకోమన్న దినం లేదు. 'చెప్పుకోండ్రి' అంట. గప్పుడు ఎర్కయింది."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడోళ్లు ఏమనుకున్నా ఫికర్ లేదు. గా ఆడియో మా ఊరికి గూడ పోయింది. మా ఇంటామె ఇన్నది. కొలువు ఇడిసిపెట్టి వస్తనన్న వారమే ఇన్నది. నా జవాబు గదే అనుకున్నది. నేను చెప్తే నమ్ముత లేదు. గొంతు నీదైతే మాట ఎవలిదంటున్నది. జర మీరొక్కసారి ఫోన్ చేసి చెప్పుండ్రి సార్. గది చేసింది నేను అని ఒక్క మాట. చాలు."

నంబరు ఇచ్చాడు. నా ఫోనులో ఎక్కించుకున్నాను. "రేపే చేస్త సార్" అన్నాను.

చేయలేదు. మొదట్లో ఎలా మొదలుపెట్టాలో తోచక ఆగాను. ముఖం తెలియని ఆడమనిషికి ఫోన్ చేసి, మీ భర్త గొంతుతో మిమ్మల్ని వెక్కిరించింది నేనే అని ఎలా చెప్పడం? తర్వాత, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక ఆగాను. ఎండాకాలం సెలవులు అయిపోయాయి. ఆమె రాలేదు. అద్దాన్ని మేకుకు కూడా తగిలించకుండా ఆయన గదిలో గోడకు ఆనించే ఉంచాడని టైర్ల దుకాణంవాళ్లు చెప్పారు. బడి ఉన్నన్నాళ్లూ ఆయన నన్ను మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే చేసేవాణ్ణేమో అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. అదీ నిజం కాకపోవచ్చు.

డాబా మీద ఫోన్ మాట్లాడటం ఆగిపోయింది. ఎక్కేవాడు, నిలబడేవాడు, కాసేపటికి దిగేవాడు.

కరోనా వచ్చి బళ్లు మూసేశారు. ప్రైవేటు టీచర్లం తలా ఒక దిక్కు పోయాం. నేను మహబూబ్‌నగర్‌లో మా బావమరిది ఎరువుల దుకాణంలో కూర్చున్నాను. ఆయన షాద్‌నగర్ దగ్గర ఏదో కంపెనీలో చేరాడని విన్నాను.

ఆయన పోవడానికి ముందటి దసరా రోజుల్లో షాద్‌నగర్ బస్టాండులో ఒకసారి ఎదురయ్యాడు. నీలం చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు. చిక్కిపోయాడు. నన్ను చూసి ముక్కులోంచి నవ్వాడు.

"కంపెనీ గేటు కాడ ఉంట సార్. గేట్ అంటే దర్వాజ, లేట్ అంటే ఆలస్యం, వెయిట్ అంటే ఎదురుచూసుడు. మొత్తం నా డ్యూటీ గా ఇంట్లనే ఉన్నది."

నవ్వాను. మహబూబ్‌నగర్ బస్సు వచ్చి నిలబడింది. నేను ఎక్కాలి. అప్పుడు అడిగాడు, తల పక్కకు తిప్పుకొని, ఏదో చిల్లర సంగతి అడుగుతున్నట్టు:

"మా ఇంటామెకు చెప్పిన్రా సార్, గప్పుడు?"

"చెప్పిన" అన్నాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. ఆయన కళ్లలోకి చూసి చెప్పలేదు కాబట్టి వచ్చిందేమో.

"ఏమన్నది?"

"ఏమన్లే. ఇన్నది."

"ఇన్నదా" అన్నాడు. తలూపి, "సరే సార్. ఇన్నది గద" అన్నాడు. నా సంచి అందుకొని బస్సులో పెట్టి, కిటికీ పక్కన నిలబడి, బస్సు కదిలేదాకా ఉన్నాడు. నేను ఆయనను చూడటం అదే ఆఖరు.

గ్రూపులో కబురు వచ్చాక వాళ్ల ఊళ్లో ఆయన కోసం పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, ఎప్పుడో కనుక్కొని పోయాను. చిట్యాలలో దిగి ఆటోలో పోవాలి. ఇంటి ముందు టెంటు వేశారు. కుర్చీలు, చిన్న మైకు, పక్కన పొయ్యిల మీద అన్నం. ఫోటోలో ఆయన తలకు ఆ గుడ్డటోపి లేదు, నుదురు చాలా పెద్దదిగా ఉంది. ఆమె ఇంటి పక్క సందులో నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఉంటే వెళ్లి ఎవరినో చెప్పుకున్నాను.

"కొత్తకోట సార్లా? గంత దూరంకెళ్లి వచ్చిన్రా?" అంది. సన్నటి మనిషి. గొంతులో కోపం లేదు. "కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"అక్కా, మీకు ఒక మాట చెప్పాలె" అన్నాను. "గా ఆడియో... వైఫు, నైఫు అని. గది సార్ అనలేదు. నేనన్న. ఆయన గొంతు చేసి నేనన్న."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నమ్మలేదు. ఈ పూట ఆమెను ఓదార్చడానికి ఎవరో నేర్పి పంపారనుకుంది.

"ఏదీ, చేయుండ్రి" అంది.

ఆ మాటలు మళ్లీ అనలేక, "ఇంటిపేరేంది?" అన్నాను, ఆయన లాగా.

ఆమె డ్రమ్ము అంచు పట్టుకుంది.

"ఇంట్ల ఆయన గిట్ల మాట్లాడడు" అంది. "గా ఆడియో ఇన్నప్పుడు గూడ గట్లనే అనిపించింది. బడిల వేరే మాట్లాడ్తడేమో అనుకున్న. నేనెన్నడు ఆయన పాఠం ఇనలే గద."

"సార్ నాకు మీ నంబరు ఇచ్చిండు, మీకు చెప్పమని. నేను చెప్పలే. మల్ల షాద్‌నగర్‌ల కలిస్తే అడిగిండు." నేను డ్రమ్ములోని నీళ్ల వైపు చూశాను. "చెప్పిన అన్న. మీరు ఇన్నరని చెప్పిన."

"నేనేమన్ననని చెప్పిన్రు?"

"ఏమన్లే, ఇన్నది, అని."

లోపల ఎవరో ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఆమె ఆ పాట వైపు ఒకసారి తల తిప్పింది.

"అంటే నాకు తెలిసి గూడ నేను రాలేదనుకున్నడు" అంది. నన్ను అడగలేదు. తనకు తను చెప్పుకుంది. "మీరు గట్ల చెప్పకముందు యాడాదికొకపారి క్రిస్మస్‌కు వస్తుండె. చుట్టం లెక్క కూసొని, తిని, పోతుండె. నేనడగకపోతుంటి. ఆయన చెప్పకపోతుండె. గానీ వస్తుండె. పోయిన క్రిస్మస్‌కు రాలే. డ్యూటీ ఉన్నదన్నడు. డ్యూటీనే అనుకున్న."

నేను ఆమె కాళ్లవైపు వంగబోయాను. "వద్దు వద్దు" అని గబుక్కున వెనక్కి జరిగింది. "నాకు జెప్తే ఏం ఫాయిద? గీళ్లంత నా ముంగట్నే గది ఇని నవ్విండ్రు. పోయి మైకుల చెప్పుండ్రి."

కూడికలో పోయినవాళ్ల గురించి తెలిసినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. పాస్టరు అయ్యగారు పిలిస్తే లేచాను. ఆయన తరగతి గురించి చెప్పాను. వాన గురించి లేచి చెప్పిన ఆ అమ్మాయి గురించి చెప్పాను. తర్వాత ఆడియో సంగతి మొదలుపెట్టగానే వెనక వరసలో ఒకడు అలవాటుగా నవ్వాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. మిగతాది చెప్పాను. అయ్యగారు ప్రార్థన చేశాడు. అన్నాలకు లేచారు. నా పక్క కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. నా మాట విన్నవాళ్లు ఆ టెంటు కింద పట్టినంతమంది. ఆ ఆడియో విన్నవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. మీలో కొందరు కూడా విని ఉండొచ్చు.

తినకుండానే బయల్దేరాను. ఆమె సందు దాటి వెనకనే వచ్చింది. చేతిలో ఫోన్.

"గిది తీసెయ్యనీకి రాదు నాకు" అంది.

ఆడియో తెరిచే ఉంది. మా బడివాళ్లు పంపింది కాదు, ఎప్పుడో వాళ్ల చుట్టాలు ఎవరో పంపిన పాతది. ఇన్నేళ్లూ ఉంచుకుంది.

"ఫోటోలున్నయి. గొంతు గిదొక్కటే ఉండె. తిట్టినట్టున్నా అప్పుడప్పుడు పెట్టుకొని ఇనేదాన్ని." ఫోను నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీదాయె. మీ గొంతు మీరు తీస్కపోండ్రి."

ఆడియో మీద వేలు నొక్కి పట్టుకున్నాను. తీసెయ్యాలా అని ఫోను అడిగింది. ఆమె వైపు చూశాను. ఆమె పొయ్యిల దగ్గర మిగిలిన అన్నం గంపలోకి తీస్తున్నవాళ్లను చూస్తోంది. నొక్కాను.

"అయిందా?"

"అయిందక్కా."

"ఇగ ఏం లేదు గదా అండ్ల?"

"లేదు."

ఫోను తీసుకొని కొంగులో చుట్టుకొని లోపలికి పోయింది.